కృతిభర్తలను వెతుకుతూ...

శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చాడని చదువుకున్న రోజుల్లో నాకెందుకో చిన్నతనంగా ఉండేది. కవిసార్వభౌముడేమిటి, ఒక వర్తకుడికి కావ్యం అంకితమివ్వడమేమిటి అని. తిప్పయసెట్టి సామాన్యుడేమీ కాడు. సముద్రవ్యాపారం చేసినవాడు, కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు. అయినా సరే, అవతారికలో ఆయన వంశవర్ణన వచ్చినచోట పుటలు తిప్పేసి కథలోకి వెళ్ళిపోయేవాడిని. భాగవతాన్ని రాముడికి సమర్పించిన పోతన ముందు శ్రీనాథుడు ఒక మెట్టు కిందనే నిలబడినట్టు తోచేది.

ఆ అభిప్రాయం 2014 ఆగస్టులో ఒక మధ్యాహ్నం మారిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక టైర్ల కొట్టు ముందు, చంకలో ఫైలు పెట్టుకుని, యజమాని భోజనం ముగించి వచ్చేదాకా గంటన్నర కూర్చున్నాను. నా పక్కన ముగ్గురు విద్యార్థులు. నలుగురమూ ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నాము. ఎదురుగా లారీకి గ్రీజు పెడుతున్న కుర్రాడు మమ్మల్ని చూసి, ఫైనాన్సు వాళ్ళం కాబోలనుకుని, లోపలికి వెళ్ళి ఎవరితోనో గుసగుసలాడి వచ్చాడు. అవతారిక ఎందుకు రాస్తారో నాకు అప్పుడు అర్థమయింది. కావ్యం రాయడం ఒక పని. దానికి తాటాకులు, సిరా, ఏడాది తిండి సంపాదించడం ఇంకొక పని. మొదటిదానికి ప్రతిభ చాలు. రెండవదానికి ఎవరి గుమ్మం ముందో కూర్చోగలగాలి.

నేను యంత్రనిర్మాణ శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడిని. ఆ ఏడాది మా కళాశాల విద్యార్థులు ఇరవైమంది బాహా పోటీకి బండి తయారుచేస్తామని నా దగ్గరకు వచ్చారు. మార్గదర్శకుడిగా ఒక ఉపాధ్యాయుడు సంతకం చేయాలి. చేశాను. సంతకానికి ఖర్చు లేదు కదా అనుకున్నాను.

* * *

బాహా అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు ముక్కలు. అమెరికాలో 1976లో మొదలైన విద్యార్థుల పోటీ ఇది. మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. ఆ రోజుల్లో ఇండోర్ దగ్గరి పీతంపూర్‌లో, నాట్రాక్స్ మైదానంలో జరిగేది. ఒక్కరే కూర్చునే బండి. ఉక్కు గొట్టాలతో పంజరంలాంటి చట్రం, దానికి నాలుగు బలమైన చక్రాలు. మేము వెళ్ళిన ఏడు ఇంజను అందరికీ ఒకటే: బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి పది గుర్రాల శక్తి గలది. కాబట్టి ఎవరి ఇంజను గొప్పదన్న పోటీ లేదు. మిగతా బండిని ఎవరు ఎంత తెలివిగా కట్టారన్నదే పోటీ. బ్రేకులు, మలుపులు, గుట్టలెక్కడం వంటి పరీక్షలు గట్టెక్కాక చివరి రోజున అసలు పరీక్ష ఉంటుంది. మట్టిలో, గుంటల్లో, బండల మీద నాలుగు గంటలు ఆగకుండా నడపాలి. చాలా బండ్లు అక్కడే కూలబడతాయి.

పేరు చెప్పగానే ఆటోనగర్‌లో ప్రతి కొట్లోనూ ఒకటే ప్రశ్న: "బాజా ఏంటి మాస్టారూ, పెళ్ళి బాజానా?" మొదటి నాలుగుసార్లు స్పానిష్ ఉచ్చారణ గురించి వివరించాను. అయిదవసారి నుంచి నవ్వి ఊరుకున్నాను.

బండి ఖర్చు ఆరు లక్షల నలభై వేలని లెక్క తేలింది. కళాశాల రెండున్నర లక్షలిస్తానంది. పిల్లలు తలా అయిదు వేలు వేసుకుంటే లక్ష. మిగిలిన రెండు లక్షల తొంభై వేలకు దాతలను చూసుకోవాలి. దాతలు అనకూడదు, స్పాన్సర్లు అనాలి అని మా జట్టు నాయకుడు నన్ను సరిదిద్దాడు. ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. తెలుసుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

* * *

మొదట అందరూ చేసే తప్పే మేమూ చేశాము. నలభై పెద్ద కంపెనీలకు ఒకే ఉత్తరం పంపించాము. అందులో మేమెవరమో, మా కలలేమిటో, మాకెంత కావాలో అందంగా రాసుకున్నాము. బంగారు, వెండి, కంచు అని మూడు శ్రేణులు పెట్టి, ఒక్కొక్కదానికి అంటించే పేరు ఎన్ని అంగుళాలుంటుందో కూడా చూపించాము. ఇద్దరి నుంచి మర్యాదగా నిరాకరణ వచ్చింది. మిగతా ముప్పై ఎనిమిదిమంది నుంచి ఏమీ రాలేదు. అటువంటి సంస్థల్లో ప్రచారపు ఖర్చు ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ముందే ఖాయమవుతుందనీ, ఆగస్టులో అడిగినవాడు వంట అయ్యాక బియ్యం తెచ్చినవాడితో సమానమనీ అప్పటికి మాకు తెలియదు.

ఆ తరువాతనే ఆటోనగర్ దారి పట్టాము. తెలుగువాళ్ళకు లారీ అంటే గుర్తుకొచ్చే చోటు అది. చాసిస్‌గా వచ్చిన బండి అక్కడ బాడీ కట్టించుకుని, రంగులు వేయించుకుని, పూలూ పావురాలూ రాయించుకుని రోడ్డెక్కుతుంది. లేత్ యంత్రాలు, కమాను పట్టీలు సరిచేసే కొలుములు, రేడియేటర్ల పనివాళ్ళు, పాత సామాన్ల గుట్టలు. ఇక్కడ దొరకని విడిభాగం తయారుకానే లేదని అక్కడివారి గర్వం.

ఆ టైర్ల కొట్టు యజమాని భోజనం చేసి వచ్చి, మేము చెప్పినదంతా శ్రద్ధగా విన్నారు. విని, "సరే నాయనా, పీతంపూర్‌లో మీ బండి మీద నా పేరుంటుంది. అది చూసినవాడు బెజవాడ వచ్చి నా దగ్గర టైరు కొంటాడా?" అని అడిగారు.

మా నాయకుడు తడుముకోకుండా బ్రాండు విలువ, దృశ్యమానత అంటూ వల్లించబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపి నావైపు చూశారు. "మీరు చెప్పండి మాస్టారూ."

"కొనడండీ" అన్నాను.

ఆయన నవ్వారు. టీ తెప్పించారు. ఆ రోజు డబ్బేమీ ఇవ్వలేదు. కానీ వెళ్ళేటప్పుడు ఒక మాటన్నారు: "మీక్కావలసింది చెప్పడానికి రావద్దు. మీ దగ్గరేముందో చూసుకుని రండి."

ఆ రాత్రి ఇరవైమందిమీ కూర్చుని మా దగ్గరేముందో చూసుకున్నాము. పేరు లేదు, ప్రేక్షకులు లేరు, టీవీ లేదు. ఉన్నవి ఇరవై జతల చేతులు, కొంచెం కంప్యూటరు పరిజ్ఞానం, కొలతలు తీయడం వచ్చు. వారం తిరిగాక మళ్ళీ బయలుదేరాము. ఒక విడిభాగాల కొట్టుకు సరుకు జాబితా అంతా కంప్యూటరులోకి ఎక్కించి పెట్టారు మా పిల్లలు. పదిహేను రోజుల పని. ప్రతిఫలంగా సరుకుల ఆటోది పాత గేరుబాక్సు ఒకటి, బ్రేకు సామాను వచ్చాయి. ఒక లేత్ యజమాని తన దగ్గర అరిగిపోయి వచ్చే భాగాలకు నక్షాలు గీసిపెడితే ఆదివారాలు యంత్రం వాడుకోనిస్తానన్నారు. రంగుల దుకాణం రంగునిచ్చింది. లారీ ఆఫీసు ఇండోర్ దాకా బండిని చేరవేస్తానంది, అటు వెళ్ళే లోడులో చోటు మిగిలినప్పుడు. నలుగురైదుగురు వర్తకులు కలిసి నలభై అయిదు వేలు నగదు కూడా ఇచ్చారు. ఆ ఏడాది దసరా ఆయుధపూజనాడు మా బండి చట్రాన్ని, అప్పటికది అస్థిపంజరమే, లేత్ షెడ్డు ముందు నిలబెట్టి పసుపూ కుంకుమా పెట్టి గుమ్మడికాయ కొట్టారు. దారినపోయేవాళ్ళంతా ఆగి చూశారు. లేత్ యజమాని ప్రతివారికీ, "మన దగ్గర తయారవుతోంది" అని చెప్పుకున్నారు. ఆయనకు గిట్టుబాటయినదేమైనా ఉంటే ఆ ఒక్క పూటే.

పోటీలో ఖర్చుల నివేదిక అని ఒకటి ఇవ్వాలి. ఉచితంగా వచ్చిన వస్తువుకు కూడా అందులో బజారు ధర వేయాలి. మా వాళ్ళు వేసి చూస్తే ఆటోనగర్ ఇచ్చిన సామానూ, యంత్రపు గంటలూ కలిపి ఎనభై వేలు తేలింది. ఒక అంకె మాత్రం అందులో లేదు. దాని సంగతి తరువాత చెబుతాను.

* * *

నవంబరులో ఒక ఖైనీ వ్యాపారి తనంతట తానే కబురు పెట్టారు. లక్ష రూపాయలు, ఒకే విడతలో. బండి ముక్కు మీద తన సరుకు పేరు రాయాలి.

పిల్లల్లో పెద్ద చర్చ జరిగింది. వాళ్ళకు చరిత్ర తెలుసు. కార్ల పందాల్లో పూర్వం దేశాన్ని బట్టి రంగు ఉండేది: ఇంగ్లండుకు ఆకుపచ్చ, ఇటలీకి ఎరుపు, ఫ్రాన్సుకు నీలం. 1968లో లోటస్ జట్టు గోల్డ్ లీఫ్ సిగరెట్టు పెట్టె రంగులు వేసుకుని ఫార్ములా వన్‌లో దిగింది. ఆ తరువాత దశాబ్దాల పాటు ఆ క్రీడను నడిపించినది పొగాకు సొమ్మే. "సేనా అంతటివాడే సిగరెట్టు రంగుల కారు నడిపాడు సార్, మనమెంత?" అన్నాడొకడు. వాడు చెప్పినది అబద్ధం కాదు.

మన దేశంలో 2003 నాటి చట్టం పొగాకు ఉత్పత్తుల ప్రచారాన్నీ, వాటి పేరిట ప్రాయోజకత్వాన్నీ నిషేధించింది. ఆ మాట చెప్పి చర్చ ముగించాను. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ చట్టం లేకపోతే ఏమి చెప్పి ఉండేవాడినో నాకిప్పటికీ తెలియదు. అప్పటికి మా లోటు లక్షా అరవై అయిదు వేలు. ధర్మపన్నాలు చెప్పడం సులువే. ఆరోజు నా పక్షాన మాట్లాడింది మాత్రం నా అంతరాత్మ కాదు, ప్రభుత్వం వారి శాసనం.

* * *

ఆ శాసనం ఏదీ నన్ను కాపాడని సందర్భం డిసెంబరులో వచ్చింది.

రాజధాని విజయవాడ పరిసరాల్లో వస్తుందని 2014 సెప్టెంబరులో శాసనసభలో ప్రకటించాక మా చుట్టుపక్కల స్థలాల వ్యాపారం ఎలా పొంగిందో చూసినవారికి చెప్పనక్కరలేదు. పొలం గట్ల మీద కూడా ప్రకటన బోర్డులు మొలిచాయి. అటువంటి సంస్థలో ఒక అధికారి మా కళాశాలకు వచ్చి, బండిని చూసి, ముచ్చటపడి, రెండు లక్షలిస్తామన్నారు. సంక్రాంతి తరువాత చెక్కు. బండికి రెండు పక్కలా తమ పేరు పెద్దగా కనబడాలి. అంతే.

లోటు తీరి పైన ముప్పై అయిదు వేలు మిగులుతాయి! ఆ సంతోషంలో నేను చేసిన తప్పులు వరుసగా రాస్తాను. కాగితం మీద రాసివ్వమని అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని మొహమాటపడ్డాను. టైర్లకూ షాకబ్సార్బర్లకూ జనవరి మొదటివారంలోనే ఆర్డరు పెట్టకపోతే సమయానికి రావు కనుక, "మీరు తలా కొంత సర్దండి, చెక్కు రాగానే తిరిగి ఇచ్చేద్దాం" అని పిల్లలతో అన్నాను. ఈ మాట అన్నది నేనే, విద్యార్థులు కాదు. మూడవది, పక్క రేకుల మీద అప్పటికే ఉన్న లేత్ యజమాని పేరునూ, విడిభాగాల కొట్టు పేరునూ చెరిపించి ఆ చోటు ఖాళీ చేయించాను. వాటిని ఇంజను వెనకాల చిన్న అక్షరాలతో రాద్దామనుకున్నాము. పనుల హడావిడిలో రాయనేలేదు.

సంక్రాంతి వెళ్ళింది. చెక్కు రాలేదు. ఆ అధికారి మొదట ఊళ్ళో లేరు, తరువాత సమావేశంలో ఉన్నారు, ఆ తరువాత ఫోను ఎత్తలేదు. ఇంకా వస్తుందేమోనన్న ఆశతో ఆ పేరును అలాగే ఉంచి 2015 ఫిబ్రవరిలో పీతంపూర్ వెళ్ళాము. పైసా ఇవ్వనివాడి పేరు రెండు పక్కలా మెరుస్తూ ఆ మట్టిలో తిరిగింది. చేయి చాచి సాయం చేసినవారి పేరు ఎక్కడా లేదు.

తనిఖీలన్నీ గట్టెక్కాము. నాలుగు గంటల పరుగులో మూడవ గంట దాకా బండి బాగా నడిచింది. ఆ తరువాత వెనుక చక్రానికి శక్తినందించే షాఫ్టు విరిగింది. మా కుర్రాడు బండిలోంచి దిగి, శిరస్త్రాణం తీయకుండానే చాలాసేపు దాని పక్కన నిలబడ్డాడు. దుమ్ములో మాకు వాడి ముఖం కనిపించలేదు. అందుకు సంతోషించాను.

* * *

తిరిగి వచ్చిన పది రోజులకు కళాశాలకు ఒక పెద్దమనిషి వచ్చారు. చొక్కా జేబు దగ్గర నూనె మరక. మా జట్టులో ఒక అబ్బాయి తండ్రి ఆయన. ఆ లేత్ షెడ్డులోనే టర్నరు. ఆదివారాలు యంత్రం మాకు వాడుకోవడానికి యజమాని ఇచ్చారని చెప్పాను కదా. యంత్రం దానంతటది తిరగదు. ఏడు ఆదివారాలు ఈయనే సెలవు మానుకుని మా హబ్బులన్నీ తిప్పి పెట్టారు. ఖర్చుల నివేదికలో లేని అంకె ఆయన కూలి. దాన్ని లెక్కవేయాలని ఇరవైమంది ఇంజనీర్లకూ, వారి గురువుకూ తోచలేదు.

"మాస్టారు గారూ, ఆ కంపెనీ డబ్బు వచ్చిందాండీ?" అని అడిగారు.

రాలేదన్నాను. ఆయన తల ఊపి, కొంచెం సేపు ఊరుకుని, "ఏం లేదండీ, వస్తుందంటే వాళ్ళమ్మ గొలుసు కుదవబెట్టాం. పద్దెనిమిది వేలు. మీరు చెప్పారన్నాడు కదా అని..." అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

ఆ పద్దెనిమిది వేలూ, వడ్డీ కలిపి, మూడు నెలల జీతాల్లోంచి నేనే కట్టి గొలుసు విడిపించాను. ఆయన ఒప్పుకోలేదు. "ఇది మీకు సాయం కాదండీ, నా బాకీ" అని పద్దు పుస్తకంలో రాసి చూపించాక ఒప్పుకున్నారు. గొప్పకోసం చెప్పడం లేదు. మిగతా పిల్లల తల్లిదండ్రులు సర్దిన సొమ్ము నేను తిరిగి ఇవ్వలేకపోయాను. వాళ్ళు అడగలేదు. అడగనంత మాత్రాన బాకీ తీరదు.

అదే వారంలో బండిని ఆటోనగర్ తీసుకువెళ్ళాము. లేత్ యజమాని దాని చుట్టూ ఒకసారి తిరిగారు. రెండవసారి ఇంకా నెమ్మదిగా తిరిగారు. పక్క రేకు దగ్గర ఆగి, ఆ పెద్ద అక్షరాలను చూశారు. ఏమీ అనలేదు. మా నాయకుడు తల దించుకున్నాడు. నేను అంతకుముందే దించుకున్నాను.

"విరిగిన ముక్క ఏది?" అన్నారు.

ఇచ్చాము. ఆయన చూసి టర్నరు చేతికిచ్చారు. ఆయన వెలుతురులోకి తీసుకువెళ్ళి, విరిగిన ముఖం మీద బొటనవేలి గోటితో గీశారు. "ఇది మన దగ్గర చేసింది కాదండీ" అన్నారు యజమానితో. యజమాని ముఖం తేటపడింది. అంతసేపూ ఆయనను వేధించినది ఆ సందేహమేనని నాకప్పుడు తెలిసింది. నిజమే, పొడవు తగ్గించాలని చివరి వారంలో హడావిడిగా వేరేచోట తిప్పించిన షాఫ్టు అది. "ఇక్కడ మెట్టు దగ్గర మూల పదునుగా వదిలేశాడు. కొంచెం గుండ్రం చేసుంటే విరిగేది కాదు" అని టర్నరు పిల్లలకు చూపించారు. లావు తగ్గే మలుపులో పదును ఉంటే ఒత్తిడి అంతా అక్కడే పోగవుతుందని నేను పదిహేనేళ్ళుగా తరగతిలో బొమ్మ వేసి చెబుతున్నాను. చేతిలో పెట్టుకుని చూడడం మాత్రం అదే మొదలు.

* * *

మరుసటి ఏడాది కొత్త జట్టుతో మళ్ళీ వెళ్ళాను. వెళ్ళడానికి సిగ్గేసింది. అయినా వెళ్ళాను. లేత్ యజమాని యంత్రం ఇస్తామన్నారు. "కానీ మాస్టారూ, నా పేరు ఎక్కడ వేస్తారో, ఎంత సైజులో వేస్తారో కాయితం మీద రాసి సంతకం పెట్టివ్వండి" అన్నారు. ఆ మాట వినగానే నాకు కలిగినది అవమానం కాదు, ఊరట. దానమిచ్చినవాడు కాగితం అడగడు. ఒప్పందం చేసుకున్నవాడు అడుగుతాడు. దాతకూ స్పాన్సరుకూ తేడా అదే. తనను ఒప్పందపు మనిషిగా చూడమని ఆయన నాకు నేర్పారు. మొదటి ఏడాది నేను ఆయనను దాతగా చూశాను కాబట్టే చెరిపేయగలిగాను.

అప్పటినుంచి మా జట్టుకు కొన్ని నియమాలు. ఖాతాలో పడని డబ్బు డబ్బు కాదు. విద్యార్థి వాటా మొదట అనుకున్నదానికి ఒక్క రూపాయి మించకూడదు. పేర్లు సొమ్మును బట్టి కాక, సాయం అందిన వరుసలో రాయాలి. ఒకసారి రాసినది చెరపకూడదు. పోటీ అయిన నెలలోగా ప్రతి ఒక్కరికీ ఫొటో, జమాఖర్చులు, గెలిచినా ఓడినా జరిగినదంతా రాసిన ఉత్తరం స్వయంగా వెళ్ళి ఇవ్వాలి. ఉత్తరం ఇవ్వడానికి వెళ్ళినవాడిని మరుసటి ఏడాది ఎవరూ గంటన్నర కూర్చోబెట్టరు. ఆ టైర్ల కొట్టు యజమాని మూడవ ఏట, మేము అడగకముందే, ఒక జత టైర్లు తెప్పించి పెట్టారు.

ఈ బాధ చిన్నవాళ్ళదే అనుకునేవాడిని. నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడయినప్పుడు ఆ కారు మీద టాటా పేరు కనిపించింది. అంతటి వేగానికి వెనకాల కూడా అటువంటి చేయి ఒకటి ఉండాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగితే మా పాత విద్యార్థులు కొందరు వెళ్ళి చూసి వచ్చారు. మరుసటి ఏటి పందెం రద్దయింది. దానికి డబ్బు ఎవరు ఎలా కట్టారన్న ప్రశ్న చివరికి కేసుల దాకా వెళ్ళింది. ఆ వార్త చదివినప్పుడు మా పద్దు పుస్తకం గుర్తుకొచ్చింది.

ఈ మధ్య హరవిలాసం మళ్ళీ తీశాను. ఈసారి అవతారికను దాటవేయలేదు. తిప్పయసెట్టి తాతముత్తాతల సంగతులన్నీ ఓపికగా చదివాను. ఆరు వందల ఏళ్ళు దాటినా ఆయన పేరు ఆయన చోటులోనే ఉంది. శ్రీనాథుడు మాట నిలబెట్టుకున్నాడు.

మా రెండవ బండి ఇప్పటికీ కళాశాల కార్యశాలలో ఒక మూల ఉంది. దాని పక్క రేకు మీద మొదటి పేరు లేత్ షెడ్డుది. దాని కిందనే, కాగితంలో లేకపోయినా యజమాని తానే దగ్గరుండి రాయించిన ఇంకొక పేరు ఉంది. అది ఆ టర్నరుది. రంగు కొంచెం వెలిసింది. వచ్చే దసరాకు మళ్ళీ వేయించాలి.